మర్రిగూడ బడిలో అన్నదమ్ముల పళ్లు

నల్లగొండ పేరు ప్రపంచ వైద్య పత్రికలకు ఎక్కి డెబ్బై ఏళ్లు దాటింది. 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో సిద్దిఖీ అచ్చేసిన పరిశోధన ఇక్కడి ఫ్లోరోసిస్ గురించే, అంటే నీళ్లలోని ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లూ ఎముకలూ పాడయ్యే జబ్బు గురించే. ఆ తర్వాత నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ నీరి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో నీళ్లు తేర్చి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి కనిపెట్టి దానికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టింది. ఆ పేరు టాంజానియా దాకా పోయింది. పరిశోధనలకు మూత్రం సీసాలూ రక్తం సీసాలూ ఇచ్చిన ఊళ్లకు మాత్రం ఏం తేలిందో చెప్పినవాళ్లు తక్కువ. వచ్చినా పేపర్లో ఒక హెడ్డింగుగా వస్తుంది.

చింతపండు సంగతే చూడండి. 'చింతపండు తింటే ఫ్లోరైడ్ పోతుంది' అని చాలామంది వినే ఉంటారు. దీని వెనక హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2002లో ప్రచురించిన అధ్యయనం ఉంది. మగపిల్లలకు రోజుకు 10 గ్రాముల చింతపండు చొప్పున 18 రోజులు ఇచ్చారు. మూత్రంలో బయటికి పోయే ఫ్లోరైడ్ రోజుకు 3.5 మిల్లీగ్రాముల నుంచి 4.8కి పెరిగింది. మంచి ఫలితమే. కానీ కొలిచింది మూత్రాన్ని, వంగిన నడుమును కాదు. చూసింది పద్దెనిమిది రోజులు. ఎముకలోకి ఫ్లోరైడ్ దిగింది ఏళ్ల తరబడి. అయినా పులుసు లేనిదే ముద్ద దిగని జిల్లా మనది. పులుసే కాపాడేదైతే మర్రిగూడలో అంతమంది మంచాన పడేవారా?

నా లెక్కలో మన గురించి జరిగిన పరిశోధనల్లో మేలైనది ఇంకొకటి. మోకాళ్లు ఒకదానికొకటి ఒరుసుకునేలా కాళ్లు వంకరపోతున్న పిల్లలను చూసి అదే సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ వైద్య పత్రికలో రాశారు. నీళ్లలో ఫ్లోరైడ్ ఎప్పటినుంచో ఉంది, ఈ వంకర కాళ్లు కొత్తగా ఎందుకు వచ్చాయి? ఆ ప్రశ్న పట్టుకుని పోతే నాగార్జునసాగర్ తర్వాత పైకి లేచిన భూగర్భజలాలు, జొన్నల్లో పెరిగిన మాలిబ్డినం అనే లోహం, ఒంట్లో తగ్గిన రాగి మీద అనుమానం తేలింది. నీళ్ల సీసా దగ్గర ఆగకుండా కాల్వ దాకా, కంచం దాకా వచ్చిన పరిశోధన అది.

మంచినీళ్లు కావాలన్న నిరసనగా 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది పోటీలో నిలిచారు. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్ 2015లో చౌటుప్పల్‌లోనే లేచింది. రాష్ట్రంలో 967గా ఉన్న ఫ్లోరైడ్ ఆవాసాలు 2020కి సున్నా అయ్యాయని కేంద్రం లెక్క చెప్పింది. ఇది నీళ్లు అందిన ఊళ్ల లెక్క. కృష్ణా నీళ్లు ఇంటికి వచ్చినా పొలం దగ్గర బోరు నీళ్లు తాగేవాళ్లు, క్యాన్ కొనుక్కుని వంటకు మాత్రం బోరు వాడేవాళ్లు ఉన్నారు.

అందుకే ఇప్పుడు చేయాల్సిన పరిశోధన చాలా చిన్నది. శాశ్వత ముందు పళ్ల మీది గట్టి పైపొర, ఎనామెల్, మొదటి నాలుగైదేళ్లలోనే తయారవుతుంది. ఆ వయసులో తాగిన నీళ్లు ఎలాంటివో ఆరేడేళ్లకు పైకి వచ్చే పన్ను చూపిస్తుంది. 2018లో పుట్టినవాడికి పాలపళ్లు ఊడి ఆ పళ్లు వచ్చేశాయి. వాడి అన్న 2008లో పుట్టి అదే ఇంట్లో వేరే నీళ్లు తాగి పెరిగాడు. ఈ ఇద్దరి పళ్లనూ పోల్చి చూడటమే ఆ పరిశోధన. ఫ్లోరైడ్ వల్ల పళ్లకు పట్టిన గార ఎంత ఉందో లెక్కగట్టే పద్ధతిని అమెరికా దంతవైద్యుడు డీన్ 1930లలోనే ఇచ్చాడు. దానికి వెలుతురు, చిన్న అద్దం, చూడటం నేర్చిన కన్ను చాలు.

దండుమల్కాపురంలో కడతామన్న ఫ్లోరైడ్ పరిశోధన కేంద్రం మాట 2022 మునుగోడు ఉపఎన్నికలో పార్టీల తిట్లలోకి పోయింది. భవనం సంగతి వాళ్లు తేల్చుకోనీ. నల్లగొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ ఉంది, మెడికల్ కాలేజీ ఉంది, బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. మర్రిగూడ, నాంపల్లి, చండూరు బడుల్లో పిల్లల పళ్లు చూడటానికి వరండాలున్నాయి. ఫలితం జర్నల్‌కు పంపేముందు తెలుగులో రాసి అదే వరండా గోడకు అతికించాలి. అన్నవి గార పళ్లు, తమ్ముడివి తెల్లగా ఉంటే తల్లికి ఆ మాట చెప్పి పంపొచ్చు. ఇద్దరివీ గార పట్టి ఉంటే ఆ రోజే వాళ్లింటికి వెళ్లి, వంటకు ఏ నీళ్లు పోస్తున్నారో అడిగి, ఆ బిందెలోంచి ఒక సీసా నింపుకుని రావాలి.