దూరమే దివ్యౌషధం

పల్లెల్లో మానసిక వైద్యం అందడం లేదని గగ్గోలు పెట్టేవాళ్లు ఒక్క సంగతి గమనించరు. పల్లెల్లో మానసిక రోగులే లేరు. నమ్మకపోతే రిజిస్టర్లు చూడండి. డాక్టరు లేని చోట రిజిస్టరు ఉండదు, రిజిస్టరు లేని చోట రోగం ఉండదు. ఇంత చవకైన నివారణను వైద్యశాస్త్రం ఇంతవరకూ కనిపెట్టలేకపోయింది.

దీనికి శాస్త్రీయ ఆధారమూ ఉంది. ఎడ్వర్డ్ జార్విస్ అనే అమెరికా వైద్యుడు 1850లో పిచ్చాసుపత్రుల లెక్కలు తిరగేసి, దగ్గరి ఊళ్ల నుంచి రోగులు ఎక్కువగా, దూరపు ఊళ్ల నుంచి తక్కువగా వస్తున్నారని తేల్చాడు. పాపం, అమాయకుడు. ఆసుపత్రులు జనానికి దగ్గరగా ఉండాలని దాని అర్థం అనుకున్నాడు. అసలు అర్థం తర్వాతి పాలకులకే బోధపడింది: మైళ్లు పెరిగేకొద్దీ రోగం తగ్గుతుంది. ఉన్న ఆసుపత్రిని ఇంకో వంద మైళ్లు అవతలికి జరిపితే సంపూర్ణ ఆరోగ్యమే.

డబ్బు చాలడం లేదనడం కూడా అన్యాయం. ప్రభుత్వాలు ఆరోగ్యానికి పెట్టే ఖర్చులో మనసుకు దక్కేది దాదాపు 2 శాతమని ప్రపంచ ఆరోగ్య సంస్థ మానసిక ఆరోగ్య నివేదిక, 2020 అట్లాస్, చెబుతోంది. మనిషి బరువులో మెదడు వాటా కూడా దాదాపు అంతే. తూకం వేసి మరీ ఇచ్చారు, ఇంకేం కావాలి?

ఇక ఫోన్‌లో వైద్యం. సిగ్నల్ గుట్ట మీద మాత్రమే అందుతుంది కనుక రోగి గుట్టెక్కి, "నిద్ర పట్టడం లేదండీ" అని కేకేస్తాడు. అవతల డాక్టరుకు తప్ప అందరికీ వినబడుతుంది. గోప్యత పోతుందని బెంగెందుకు? అక్కడ అసలు ఎప్పుడుంది గనక! మానసిక వైద్యుడి గది ముందు బండి ఆపితే చాలు, చీటీ రాయించుకునేలోపే ఊరంతా కలిసి రోగ నిర్ధారణ చేసేస్తుంది. నిపుణుల కొరత అన్నదెవరు?

జింబాబ్వేలో డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్ట్ చూసిన ఒక యువతి, బస్సు చార్జీకి 15 డాలర్లు లేక ఆసుపత్రికి రాలేకపోయింది. ప్రాణం తీసుకుంది. (ఇక్కడ నాకు వెటకారం నోట రావడం లేదు. ముందుకు పోదాం.) ఆ తర్వాత ఆయన కొందరు అమ్మమ్మలకు శిక్షణ ఇచ్చి, క్లినిక్ ఆవరణలో చెక్క బెంచీల మీద కూర్చోబెట్టాడు. వచ్చినవాళ్ల గోడు వినడం, సమస్యల్లో ఒకదాన్ని ఎంచి దాని సంగతి చూడటం, అదే వాళ్ల పని. ఆరు నెలల తర్వాత చూస్తే, మామూలు వైద్యం అందినవాళ్లకంటే బెంచీ మీద కూర్చున్నవాళ్లకే దిగులు బాగా తగ్గిందని 2016లో పరిశోధన ఫలితాలు అచ్చయ్యాయి.

ఇది చాలా ప్రమాదకరమైన ధోరణి. బెంచీకి రిబ్బన్ ఎక్కడ కడతాం? అమ్మమ్మలకు టెండర్ ఎలా పిలుస్తాం? అందుకే దీన్ని లోతుగా పరిశీలించేందుకు రాజధానిలో కమిటీ సమావేశం పెట్టారు. పల్లె తరఫు ప్రతినిధికి బస్సు దొరకలేదు. తీర్మానం ఏకగ్రీవం.