ఎడమ, కుడి అడ్రినల్ గ్రంథులకు ఒక విన్నపం

అయ్యలారా,

మూత్రపిండాల నెత్తిన టోపీల్లా కూర్చున్న మీ ఇద్దరినీ కలిపి తూచినా పది గ్రాములు దాటడం కష్టం. పెత్తనం మాత్రం ఒళ్లంతా మీదే.

మీ విధేయతను శంకించను. మెదడులోని హైపోథాలమస్ కనుసైగ చేయడమే ఆలస్యం, క్షణాల్లో అడ్రినలిన్ వదులుతారు. గుండె దడదడలాడుతుంది, నెత్తురు పొట్టను వదిలి కండరాలకు పరుగెడుతుంది, నోరు తడారిపోతుంది. వెనకే మీ ఇంకో హార్మోన్ కార్టిసాల్ బయలుదేరి రక్తంలో చక్కెర పెంచుతుంది. పులి ఎదురైతే ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు.

చిక్కల్లా, మీకు పులికీ పై అధికారికీ తేడా తెలియకపోవడమే. సెలవు రోజు రాత్రి ఆయన ‘రేపు మాట్లాడాలి’ అని రెండు ముక్కలు పంపుతారు. మీరు యుద్ధం ప్రకటిస్తారు. పోరాడటానికి ఎదురుగా ఎవరూ ఉండరు, పారిపోవడానికి పక్కగది తప్ప చోటు లేదు. ఇది నా ఒక్కడి ఆరోపణ కాదు. 1936లోనే ఒత్తిడి మీద పరిశోధించిన శాస్త్రవేత్త హాన్స్ సెల్యే ఎలుకలను చలికీ గాయాలకూ మందులకూ గురిచేసి చూశారు. బాధ ఏదైనా ఫలితం ఒక్కటే: కడుపులో పుండ్లు పడ్డాయి, రోగనిరోధక శక్తికి తోడ్పడే థైమస్ గ్రంథి కుంచించుకుపోయింది, మీ జాతివాళ్లు మాత్రం చక్కగా ఉబ్బారు!

పులి కాసేపటికి వెళ్లిపోతుంది. అప్పు వాయిదా నెలనెలా వస్తుంది. అందుకే మీకు విరామం లేదు, నాకు నిద్ర లేదు. మెడ పట్టేస్తుంది, దవడలు బిగుస్తాయి, రక్తపోటు పెరుగుతుంది, చిన్న గాయం కూడా తీరిగ్గా మానుతుంది.

సలహాలకు కొదవ లేదు. ‘టెన్షన్ పడకు’ అన్నది వాటిలో మొదటిది. అది విన్నాక మీరు ఇంకో చుక్క ఎక్కువే వదులుతారని నా అనుమానం. పనిభారం రవ్వంత తగ్గించకుండా ఒత్తిడి నివారణ తరగతికి హాజరు తప్పనిసరి చేసే కార్యాలయాలది ఇంకో తీరు. ఆ గంటసేపు ఆగిన పని ఎవరు చేస్తారు? నేనే, రాత్రికి.

మీకు నేరుగా ఉత్తర్వులిచ్చే అధికారం నాకు లేదు. గుండెను నెమ్మదించమంటే వినదు, చెమటను వద్దంటే ఆగదు. ఊపిరి ఒక్కటే దానంతట అది నడుస్తూనే నా మాటా వింటుంది. నిమిషానికి ఆరుసార్ల చొప్పున, తీసుకున్నదానికన్నా నెమ్మదిగా వదిలితే, మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి దాని వేగాన్ని తగ్గిస్తుంది. కాబట్టి మీతో మాటామంతీ ఇకపై ఆ దారినే. మీరు ఉదారంగా పెంచిన చక్కెర వృథా కాకుండా రోజూ ఓ అరగంట వేగంగా నడుస్తాను. రాత్రిళ్లు ఫోను వేరే గదిలో పడుకుంటుంది. మనసులోని గోల ఒక స్నేహితుడికి చెప్పుకుంటాను, పాపం అతని గ్రంథులు ఏమంటాయో.

తెల్లవారుజామున మీరు కార్టిసాల్ పెంచే ఆనవాయితీని మాత్రం మానకండి, అది లేకపోతే మంచం దిగలేను. మిగతా వేళల్లో కాస్త విచారించి కదలండి. వెనక నుంచి కుక్క తరిమితే మాత్రం ఈ లేఖ చెల్లదు.

ఇట్లు,
ఈ ఒంటికి పేరుకు మాత్రమే యజమాని