లోపలి రంగు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ లైపోఫసిన్ గారికి,

నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేం క్షేమం. మీ క్షేమం అడగాల్సిన పని లేదు. వయసుతో మా కణాల్లో పేరుకునే రంగు కదా తమరు, మేం ఎంత అరిగితే మీరు అంత పెరుగుతారు.

1842లో హానోవర్ అనే ఆయన నరాల కణాల్లో మిమ్మల్ని మొదటిసారి చూశాడు. కేంద్రకం పక్కనే పసుపూ గోధుమా కలిసిన రేణువులు. కణంలో అంతకంటే మంచి ఏరియా లేదు మరి! ఇంతకాలమైనా అద్దె కట్టింది లేదు, మిమ్మల్ని ఖాళీ చేయించినవాడూ లేడు.

తమరి పుట్టుక కూడా గొప్పదే. పాడైన ప్రొటీన్లను, కొవ్వులను, పాతబడిన మైటోకాండ్రియాలను అరిగించడానికి కణంలో లైసోజోములు ఉన్నాయి. వాటి సంగతి 1955లో బయటపెట్టిన క్రిస్టియన్ డి డ్యూవ్‌కు 1974లో నోబెల్ కూడా ఇచ్చారు. అవి దేన్నయినా అరిగించుకుంటాయి, మిమ్మల్ని తప్ప. ఆక్సిజన్ దెబ్బ తిన్న ప్రొటీన్లూ కొవ్వులూ ఒకదానికొకటి అతుక్కుపోయి, మధ్యలో కాస్త ఇనుము కూడా చేరి ముద్ద కడితే, అదే తమరు. అరగరు, బయటికీ పోరు. విభజన చెందే కణాల్లో మీ వాటా పిల్ల కణాలకు పంచుకుపోయి పలచబడుతుంది. మెదడులో, గుండెలో ఆ బెడద దాదాపు లేదు కాబట్టి అక్కడే స్థిరపడ్డారు. ముసలితనంలో చిక్కిపోయి గోధుమ రంగుకు తిరిగిన గుండెకు పాథాలజీ వాళ్లు ‘బ్రౌన్ అట్రోఫీ’ అని పేరు కూడా పెట్టారు.

ఇంత చేస్తున్నా మిమ్మల్ని పల్లెత్తు మాట అనేవాడు లేడు. నా కడుపుమంటంతా అక్కడే. మెలనిన్ అనే ఒక అమాయకపు రంగు ఉంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు అడ్డుపడి, లోపలి డీఎన్‌ఏను కాపాడుతుంది. దాన్ని మాత్రం పుట్టిన దగ్గర్నుంచి తరుముతాం. బిడ్డ కడుపులో ఉండగానే కుంకుమపువ్వు పాలు, పుట్టాక నలుగు, పెళ్లీడుకు క్రీములు. చేతుల మీద వయసు మచ్చలొస్తే, అవి మీరేనని కొందరు చెబుతారు గానీ, అవీ ఎక్కువగా ఎండకు పేరుకున్న మెలనినే. తప్పు ఎవరిదైనా కేసు మాత్రం పాపం దాని మీదే.

2020లో ఒక క్రీము కంపెనీ సిగ్గుపడి, తన పేరులోంచి ‘ఫెయిర్’ తీసేసి ‘గ్లో’ పెట్టుకుంది. గ్లో అనే మాటకు అసలు హక్కుదారు తమరే కదా! ఏ రంగూ అద్దకుండానే, నీలి కాంతి పడితే చాలు, వెలిగిపోతారు. కంటి డాక్టర్లు ఆ వెలుగునే ఫొటో తీసి రెటీనా, అంటే కంటి లోపలి తెర, ఆరోగ్యం చూస్తారు.

కన్నంటే గుర్తొచ్చింది. కాంతిని పట్టే కణాలు రోజూ తమ కొసల్ని కొంచెం కొంచెం రాల్చేస్తుంటే, వెనకున్న పొర కణాలు వాటిని తినేస్తుంటాయి. జీవితాంతం అదే భోజనం, అందులో అరగకుండా మిగిలేది తమరు. కంటికి మంచిదని పొన్నగంటి కూర పెడతారు మా ఇళ్లల్లో. ఆ మాట నిజమే, చూపుకు విటమిన్ ఏ కావాలి. కానీ కంట్లో మీ సరుకులో కొంత తయారయ్యేది ఆ విటమిన్ ఏ నుంచి వచ్చిన పదార్థాల నుంచే! ఏబీసీఏ4 అనే జన్యువు దెబ్బతింటే స్టార్గార్ట్ జబ్బొస్తుంది. అందులో మీరు చిన్న వయసులోనే పేరుకుపోయి, నట్టనడి చూపును తినేస్తారు. ఆ పిల్లలకు విటమిన్ ఏ మాత్రలు వద్దని డాక్టర్లు చెప్పాల్సి వస్తోంది. మీ మీద నాకు నిజంగా కోపమొచ్చేది ఇక్కడే. మిగతాదంతా వెటకారం.

ఇక డిటాక్స్ అమ్మేవాళ్ల సంగతి. నిమ్మరసం, తేనె, ఏదో ఆకుపచ్చ పొడి కలిపి, ఒంట్లో మలినాలన్నీ కడిగేస్తామంటారు. లైసోజోమే చేతులెత్తేసిన చోట నిమ్మకాయ ఏం చేస్తుందో వాళ్లే చెప్పాలి. మీ పేరు వాళ్లకు తెలియకపోవడం మా అదృష్టం. తెలిసిన మర్నాడే మీ బొమ్మతో ప్యాకెట్టు వస్తుంది.

ముసలితనానికి మీరు కారణమా, దాని వెంట వచ్చే గుర్తు మాత్రమేనా అన్నది శాస్త్రవేత్తలు ఇంకా తేల్చలేదు. తేలేదాకా గుండెలోనే సర్దుకుని ఉండండి. కంటి జోలికి మాత్రం రాకండి.

ఇట్లు,
అద్దె అడగడం మానేసిన మీ ఇంటి ఓనరు

తా.క.: లాబ్‌స్టర్లు పెంకు విడిచేస్తాయి గనక, వాటి వయసును కంటికాడలో పేరుకున్న మిమ్మల్ని చూసి అంచనా కడతారట. ఈ పద్ధతి మా పెళ్లిళ్ల పేరయ్యల చెవిన పడనివ్వకండి. బయోడేటాల్లో 29 దగ్గర ఆగిపోయినవాళ్లు చాలామందే ఉన్నారు.