ఫైరింజన్ దిగినోళ్లకు బీ-ఫారం ఇవ్వకండి

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర టీ తాగుతుంటే పక్కనున్న పెద్దాయన ఉన్నట్టుండి, "రిటైరైన ఫైర్‌మన్‌ని ఎమ్మెల్యేగా నిలబెడితే ఎట్లుంటది సార్?" అన్నాడు. నాకు చెమటలు పట్టాయి. 119 మంది ఉన్న సభలోకి అలాంటోడు ఒక్కడు దూరినా ఎంత నష్టమో పార్టీలకు ముందే చెప్పాలి కదా, అందుకే ఈ హెచ్చరిక.

మొదటి జబ్బు తొందర. 101కి ఫోన్ వస్తే తింటున్న ముద్ద వదిలేసి బండెక్కాలి. ముప్పై ఏళ్లు అట్లా బతికిన మనిషికి "చూద్దాం", "ఫైలు కదులుతోంది" అనే మాటలకు నోరు తిరుగుతుందా? పైగా ఫోన్ చేసినోడిది ఏ పార్టీ, ఏ కులం, పోయినసారి ఎవరికి గుద్దాడు అని అడగడు. అడ్రస్ అడుగుతాడు, అంతే. ఇక కార్యకర్తలు ఏం చేసుకుని బతకాలి?

రెండోది, పైపైన చల్లి రావడం వీళ్లకు చేతకాదు. పత్తి బేళ్లు అంటుకుంటే పైన ఆరినట్టే ఉంటుంది కానీ లోపల రగులుతూనే ఉంటుంది, అందుకే ఒక్కో బేలూ విప్పి తడిపితేగానీ జిన్నింగ్ మిల్లు వదిలి రారు. మనవాళ్లు చూడండి, మంట మీద నీళ్లు పడకముందే ఫ్లెక్సీ మీద పాలు పోయించుకుంటారు. అదీ పనితనం.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆ రిజిస్టర్ ఒక ఎత్తు. కాల్ ఎన్నింటికి వచ్చింది, బండి ఎప్పుడు బయలుదేరింది, ఎప్పుడు చేరింది, ఎంత కాలింది, ఎంత కాపాడాం, అన్నీ రాస్తారట. ఈ పాడు అలవాటు అసెంబ్లీకి తెచ్చి పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల పేజీ తీశాడనుకోండి. కాల్ వచ్చింది: తాతల కాలంలో. బండి బయలుదేరింది: 2015 జూన్ 11, కర్వెనలో శంకుస్థాపన. మొదటి పంపు ఆన్ చేసింది: 2023 సెప్టెంబర్ 16, నార్లాపూర్‌లో, సరిగ్గా ఎన్నికల ముందు. పొలాలన్నిటికీ చేరింది: ఆ గడి ఖాళీ. తర్వాతి పేజీ ఎస్సెల్బీసీ, అంటే శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం. ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగిన మా ఊళ్లకు కృష్ణా నీళ్లు తేవాల్సిన దాదాపు 44 కిలోమీటర్ల దారి, ఎన్ని ప్రభుత్వాలు మారినా పూర్తి కాలేదు, 2025 ఫిబ్రవరి 22న పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. ఈ పేజీ దగ్గర నాకూ జోకు రావడం లేదు. తిప్పేద్దాం.

బయటికి పోయే దారి ముందే చూసుకోవడంలో మాత్రం మన నాయకులే ఫైర్ వాళ్లకు పాఠం చెప్పాలి. 2019లో హుజూర్‌నగర్ ఎమ్మెల్యే నల్లగొండ ఎంపీగా గెలిచి రాజీనామా చేయగానే కాంగ్రెస్‌కు 18 మంది మిగిలారు, అందులో 12 మంది టీఆర్‌ఎస్‌లో విలీనమయ్యారు. కచ్చితంగా మూడింట రెండు వంతులు. తొక్కిసలాట లేదు, ఒక్కరికీ పొగ తగల్లేదు.

ఇక ఖర్చు సంగతి. చట్టం ప్రకారం అసెంబ్లీ అభ్యర్థి 40 లక్షలు దాటకూడదు. 2022లో మునుగోడు ఉపఎన్నిక చూసినోళ్ల ముందు ఆ అంకె చెప్పండి, కడుపుబ్బ నవ్వుతారు. పెన్షన్ మీద బతికే ఫైర్‌మన్ ఎక్కడి నుంచి తెస్తాడు, పైపు అమ్మి తెస్తాడా?

ఇదంతా విడమరిచి చెప్తే పెద్దాయన గ్లాసు కింద పెట్టి, "నిజమే సార్, నాకే తెల్వదు. మొన్న మా గడ్డివాము అంటుకుంటే టెన్షన్‌లో ఒక లీడర్ ఆఫీసుకు ఫోన్ కొట్టిన. పీఏ ఎత్తిండు" అన్నాడు.

"ఏమన్నాడు?"

"ఆరినంక చెప్పు, సార్ పరామర్శకు వస్తడు అన్నడు."