గోంగూర లెక్క తెలుసు, నీళ్ళ లెక్క తెలీదు

జూలైలో ఔట్‌బ్యాక్‌కి, అంటే ఆస్ట్రేలియా లోపలి ఎడారిసీమకి, క్యారవాన్ (చక్రాల ఇల్లు) ట్రిప్ అనుకున్నాం. వాట్సాప్ గ్రూపులో నెలరోజులు చర్చ. గోంగూర పచ్చడి ఎవరు తెస్తున్నారు, మటన్ ఎన్ని కిలోలు, దోసెల పిండి ఆ చిన్న ఫ్రిజ్‌లో పడుతుందా. నీళ్ళ ట్యాంకు ఎన్ని లీటర్లని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు. అనంతపురం జిల్లాలో బిందె పట్టుకుని క్యూలో పెరిగినవాణ్ణి! ఆ సిగ్గుతోనే ఇది రాస్తున్నా.

ఆరుగురం, రెండు క్యారవాన్లు. అడిలైడ్ నుంచి పోర్ట్ ఆగస్టా, హాకర్ మీదుగా మరీ అనే ఊరు చేరాం. (ఊరి పేరే అది, మరీ దూరమని కాదు.) అక్కడి నుంచి మార్లా దాకా ఊడ్నదట్టా ట్రాక్, సుమారు 620 కిలోమీటర్ల మట్టిరోడ్డు. టైర్లలో గాలి తగ్గించుకుని నెమ్మదిగా పోయినా బండి చేటలో వేసి చెరిగినట్టే ఉంటుంది. సాయంత్రం తలుపు తీస్తే పరుపుల మీదా ఉప్మా రవ్వలోనూ ఎర్రదుమ్మే.

రెండో రాత్రి కౌవర్డ్ స్ప్రింగ్స్ అనే క్యాంపులో ఆగాం. వంట మా కోనసీమ బావది. సింకులో కుళాయి తిప్పేసి బియ్యం కడుగుతున్నాడు. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి.

"ఎన్నిసార్లు కడుగుతావు బావా?"

"తెల్లనీళ్ళు పోవద్దా మరి?"

నాలుగోసారికి పంపు గర్రుమని ఖాళీగా తిరిగింది. ట్యాంకు అయిపోయింది! పొద్దున ముగ్గురు తీరిగ్గా స్నానాలు చేసిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. అక్కడ బోరు నీళ్ళున్నాయి కానీ తాగడానికి పనికిరావు. రెండో క్యారవాన్‌లో మిగిలిన నీళ్ళతో ఆరుగురం కూబర్ పీడీ అనే ఊరి దాకా నెట్టుకొచ్చాం. టీ కూడా లెక్కపెట్టుకుని తాగాం. బావని ఏమీ అనలేను. ఇంటి ముందు కాలవ పారే ఊళ్ళో పెరిగాడు, ట్యాంకు అడుగు చూసిన అలవాటు లేదు. నాకేమైంది?

ఇంకో మాటకి కూడా ఒళ్ళు మండింది. దారంతా "ఇక్కడ ఏముందిరా చూడ్డానికి" అని ఒకటే గోల. ఆ దారి పుట్టిందే నీళ్ళ వల్ల. దారి పొడుగునా ఉన్నవి అరబానా అనే అక్కడి ఆదివాసులు తరతరాలుగా ఎరిగిన ఊటలు. 1850ల చివర స్టువర్ట్ అనే అన్వేషకుడు ఒక ఊట నుంచి ఇంకో ఊటకి పోతూ ఉత్తరానికి దారి వెతికాడు. 1872లో పూర్తయిన టెలిగ్రాఫ్ లైను ఆ వరసే పట్టుకుంది. తర్వాత వచ్చిన రైలుదీ అదే దారి, ఆవిరి ఇంజన్‌కి నీళ్ళు కావాలి కదా. 'ఘాన్' అనే ఆ పాత రైలు లైను 1980లో మూతపడింది. ఆ పేరు ఒంటెలు తోలిన 'అఫ్గాన్'ల మీద వచ్చిందంటారు. వాళ్ళలో చాలామంది అప్పటి బ్రిటిష్ ఇండియా నుంచి వెళ్ళినవాళ్ళే. మరీలో వాళ్ళ మట్టి మసీదు నమూనా ఉంది. మనవాళ్ళు దాని ముందు రెండు సెల్ఫీలు దిగి బండెక్కారు.

కౌవర్డ్ స్ప్రింగ్స్‌కి కాస్త దూరంలో బబ్లర్ అని ఒక ఊట. చుట్టూ చెట్టన్నది లేదు. మధ్యలో చిన్న మడుగు, దాని అడుగున బూడిదరంగు ఇసుక అన్నం ఉడికినట్టు కుతకుతలాడుతోంది. కింద గ్రేట్ ఆర్టీసియన్ బేసిన్ ఉంది. ఖండంలో ఐదోవంతుకి పైగా పరుచుకున్న భూగర్భజలం. ఎక్కడో తూర్పు కొండల్లో లక్షల ఏళ్ళ కింద కురిసిన వాన, ఇసుకరాతి పొరల్లో పాకుతూ వచ్చి ఇక్కడ పైకి తేలుతోంది. మనుషులు 1878 నుంచి దానికి బోర్లు గుచ్చారు. మూతల్లేకుండా వదిలేస్తే నీళ్ళు మట్టికాలవల్లో పారి ఆవిరైపోయాయి, ఊటలు నీరసపడ్డాయి. ఆ బోర్లకి మూతలు వేసే పెద్ద పథకం 1999లో గానీ మొదలవలేదు. వెయ్యి అడుగులకి దిగినా తడి తగలని మా ఊరి బోర్లు గుర్తొచ్చి కాసేపు అక్కడే కూర్చుండిపోయాను. "ఒరేయ్, లేటవుతోంది" అని హారన్.

కరువుసీమ అని పేరుపడ్డ మా అనంతపురంలోనే ఏడాదికి 550 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది. కూబర్ పీడీలో సగటున 150 చుట్టుపక్కలే. అక్కడ చిల్లర వేసి ట్యాంకు నింపుకుంటుంటే, పైపు దగ్గర కాపలా నిలబడింది ఎవరనుకున్నారు? కోనసీమ బావ. ఆ రాత్రి బియ్యం ఒక్కసారే కడిగాడు. కడుగు పారబోయకుండా గిన్నెలు నానేశాడు. మా అవ్వ అయితే ఆ కడుగు గేదెకి పోసేది, అంతే తేడా.

నిన్న గ్రూపులో వచ్చే ఏడాది ట్రిప్ గురించి మొదలైంది. మొదటి మెసేజ్: "ఈసారి బిర్యానీ దమ్ ఎవరు?" నేను "ట్యాంకు ఎన్ని లీటర్లు?" అని పెట్టాను. ఐదుగురూ చూశారు. బావ ఒక్కడే బొటనవేలు పెట్టాడు.