పన్ను విరామం, పంట విరామం

యానాం పెట్రోలు బంకుల దగ్గర ఆంధ్రా బళ్ల వరుస చూస్తే పన్ను తేడాకు ఎంత లాగే శక్తి ఉందో తెలుస్తుంది. అక్కడ పుదుచ్చేరి పన్ను, రేటు తక్కువ. అందుకే ఎదుర్లంక వంతెన మీదుగా కోనసీమ వాళ్లు వెళ్లి ట్యాంకు నింపుకొస్తారు. అయితే అక్కడ పోయించిన లీటరు, ఇక్కడ పోయించకుండా మానేసిన లీటరే. కొనే ఊరు మారింది కానీ కొత్తగా పుట్టిందేమీ లేదు.

వెనకబడిన ప్రాంతాలకు పన్ను విరామం, అంటే కొన్నేళ్ల పాటు పన్ను మాఫీ, ఇస్తే పెట్టుబడులు వాటంతట అవే వస్తాయని ఎవరైనా అన్నప్పుడు నాకు ఆ బంకులే గుర్తొస్తాయి. అమెరికా 2017లో ఈ దారే పట్టింది. 8,764 ప్రాంతాలను ‘ఆపర్చునిటీ జోన్లు’గా ప్రకటించి, షేర్లో ఆస్తులో అమ్మగా వచ్చిన లాభాన్ని అక్కడ పెట్టినవారికి పన్ను వాయిదా వేసింది. ఆ డబ్బులో ఎక్కువ భాగం స్థిరాస్తిలోకి, అదీ అప్పటికే కోలుకుంటున్న కొద్ది చోట్లకే పోయింది.

రాయితీ అసలు పనిచేయదని మాత్రం అనలేం. 2003లో కేంద్రం ఇచ్చిన పన్ను రాయితీల ప్యాకేజీ తర్వాత ఉత్తరాఖండ్‌లో ఫ్యాక్టరీలు నిజంగానే వెలిశాయి. కానీ ఎక్కడ? హరిద్వార్‌లో, పంత్‌నగర్‌లో. చదునైన నేల, రోడ్డు, రైలు, ఢిల్లీ దగ్గర. పైనున్న కొండ జిల్లాల నుంచి వలసలు ఆగలేదు. ఒకే రాష్ట్రం, ఒకే రాయితీ, అయినా పెట్టుబడి వసతులున్న చోటే దిగింది.

విభజన తర్వాత కేంద్రం మన రాష్ట్రంలో రాయలసీమ నాలుగు జిల్లాలకు, ఉత్తరాంధ్ర మూడు జిల్లాలకు ఇలాంటి ప్రోత్సాహకమే ఇచ్చింది. 2015 ఏప్రిల్ నుంచి 2020 మార్చి దాకా అక్కడ పెట్టిన కొత్త యంత్రాలపై అదనంగా 15 శాతం మినహాయింపు. గోదావరి జిల్లాలు ఆ జాబితాలో లేవు. పచ్చగా ఉన్న నేలకు వెనకబాటేమిటని అనుకుంటారు. ఆ పచ్చదనం కింద ఏముందో 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతు చెప్పాడు. వరి వేయనని క్రాప్ హాలిడే ప్రకటించాడు. ధర గిట్టదు, కూలీలు దొరకరు, వాన పడితే డ్రెయిన్ లాగదు, చేను రోజుల తరబడి నీట్లో నానుతుంది. ఈ బాధల్లో పన్నుతో తీరేది ఒక్కటీ లేదు. వ్యవసాయ ఆదాయానికి ఆదాయపు పన్నే లేదు కదా!

నరసాపురం చుట్టుపక్కల ఇళ్లలో లేసు అల్లే ఆడవాళ్లదీ అదే పరిస్థితి. వాళ్లకు వచ్చేది అల్లిక లెక్కన కూలి. పన్ను కట్టేంత సంపాదనే లేని మనిషికి పన్ను మినహాయింపు ఏం చేస్తుంది? లాభం మీద ఇచ్చే రాయితీ లాభం ఉన్నవాడికే అందుతుంది. ఇబ్బందుల్లో ఉన్న ఊరికి లేనిదే ఆ లాభం. ఇంత సూటిగా కనిపించే సంగతి విధానాలు రాసేవాళ్లకు ఎందుకు తట్టదో అని నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఈ డెల్టాను మార్చింది 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట. సర్కారు ముందు నీళ్లిచ్చింది, ఆ వెనకే రైతు పెట్టుబడి, మిల్లు, వ్యాపారం వచ్చాయి. ఇప్పుడు కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం మంజూరై రెండు దశాబ్దాలు దాటినా పూర్తికాలేదు. కొబ్బరి పీచు యూనిట్ పెట్టాలనుకునే కుర్రాడు ముందు చూసేది సరుకు ఎలా బయటికి పోతుందన్నదే, పన్ను శాతం ఆ తర్వాత.

రాయితీ ఇవ్వాల్సిందే అనుకుంటే లాభానికో యంత్రానికో కాకుండా జీతానికి ముడిపెట్టాలి. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లకు ఎన్ని ఉద్యోగాలిచ్చారు, ఎన్నేళ్లు నిలబెట్టారు అని లెక్క చూసి ఇవ్వాలి. దానికంటే ముందు డ్రెయిన్ల పూడిక తీయాలి, నీటిని అడ్డుకునే గుర్రపు డెక్క కలుపు తొలగించాలి. ఈ పనులకు వేసవిలో కాల్వలకు నీళ్లు ఆపేసిన కొద్ది వారాలే దొరుకుతాయి. నిధులు, టెండర్లు అప్పటికే సిద్ధంగా లేకపోతే ఆ ఏడాదికి శివారు చేను మళ్లీ మునకే.