ఫాలోవర్ల లెక్క సార్‌కు హన్మకొండ నుంచి ఒక ఉత్తరం

శ్రీయుత గౌరవనీయులైన ఫాలోవర్ల లెక్క సార్‌కు,

నమస్తే సార్. ఎట్లున్నరు అని అడిగే పని లేదు, ఎందుకంటే పొద్దుగాల పండ్లు కూడ తోముకోకముందే మా తమ్ముడు ఇన్‌స్టాగ్రామ్‌ల మిమ్ముల చూసి మీ క్షేమ సమాచారం ఇల్లంత వినపడేటట్టు చెప్తడు. నిన్న 41.2కె ఉన్నరట, ఇయ్యాల 41.3కె అయిన్రట. మా తాతకు బీపీ ఎంతున్నదో ఇంట్ల ఒక్కలకు ఎరుక లేదు గని మీ పాయింట్ పక్కన అంకె మాత్రం పాలు పోసే ఆయనకు కూడ ఎరుకే.

ముందుగాల నా సంగతి చెప్త. కుమార్‌పల్లిల మా చిన్నమ్మ సకినాలు చేసి అమ్ముతది. ఆమె పేజీకి ఫోటోలు తీసుడు, మెసేజులకు జవాబిచ్చుడు, పార్సిల్ కట్టి బస్టాండుల ఆర్టీసీ కార్గోల ఏసుడు నా పని. ఆ పేజీల మీరు మస్తు బక్కగ ఉంటరు సార్, రెండు వేలు కూడ లేరు. తమ్ముని పేజీల మాత్రం దిట్టంగ ఉంటరు. వాడు భద్రకాళి బండ్ మీద, వేయిస్తంభాల గుడి ముంగట, ఖిలా వరంగల్ తోరణాల దగ్గర స్లోమోషన్‌ల నడుస్తడు. గంతే, నడుసుడే కంటెంటు. రెండు తావులల్ల మిమ్ముల దగ్గరుండి చూసిన కాబట్టే ఈ ఉత్తరం.

మొన్న తమ్ముడు టీషర్టుల దందా పెట్టిండు. 41 వేల మంది ఉన్నరు, నూటికి ఒక్కడు కొన్నా 410 టీషర్టులు అని కాలిక్యులేటర్‌ల కొట్టి మరీ చూపెట్టిండు. కొన్నది ఎవలంటే మా మేనబావ, వాని దోస్తులు ఇద్దరు, ఇంకొకడైతే సైజు మార్చి ఇయ్యుమని ఇప్పటికీ తిరుగుతుండు. మిగిలినోళ్లు ఏడికి పోయిన్రు సార్? ఉన్నరని చెప్పింది మీరే కదా. ఫైర్ ఎమోజీలు మాత్రం కుప్పలు కుప్పలు వచ్చినయి, మా ఇంట్ల పొయ్యి కూడ గంత మండది.

నిజం చెప్పాలంటే మీ లోపల ఎవలెవలు ఉన్నరో నాకు కొంచెం ఎరుకే. ఫోన్ గివ్‌అవే అని పోస్టు పెట్టి ముగ్గురు దోస్తులను ట్యాగ్ చెయ్యుండ్రి అంటే వచ్చి, ఫోన్ రాకపాయె అని అన్‌ఫాలో కొట్టుడు కూడ మర్చిపోయి ఆడనే పడున్నోళ్లు కొందరు, నువ్వు నన్ను కొడితే నేను నిన్ను కొడ్త అని వచ్చినోళ్లు కొందరు, ఇంకొందరైతే అసలు మనుషులేనా అని డౌటు, పేరు చివర్ల ఎనిమిది అంకెలు, ఫోటో లేదు, పోస్టు లేదు. ఇన్‌స్టాగ్రామ్‌ల ఒక్కడు 7500 మందికి మించి ఫాలో కానీకి లేదు కాబట్టి అసుంటోడొకడు ఆ గీత దాక పోయి ఆగిండు, లేకుంటే దేశమంత ఫాలో అయ్యేటోడే.

మిమ్ముల కిలోల లెక్కన అమ్ముతరు కూడ. ఒక పిలగాడు చిన్నమ్మకు వాట్సాప్‌ల మెసేజ్ పెట్టిండు, అక్కా రెండు రోజులల్ల పది వేల మందిని ఎక్కిస్త, ఇండియన్ కావాల్నా ఫారిన్ కావాల్నా, ఫారిన్ అయితే అగ్గువ అని. చిన్నమ్మ నాతోని చదివిపిచ్చుకోని వాయిస్ మెసేజ్ పెట్టింది, "పది వేల మందంటే వాళ్లకు తలా ఎన్ని కిలోలు కావాల్నట బిడ్డా? జర ముందుగాల చెప్పుమను, బియ్యం నానబెట్టాలె." వాడు చిన్నమ్మను బ్లాక్ చేసిండు.

అసలు సార్, మీ మీద మీ వాళ్లకే నమ్మకం లేదు, అది మీకు ఎవ్వలు చెప్పనట్టున్నరు. యూట్యూబ్ 2018ల పైసలు ఇయ్యనీకి షరతు పెట్టినప్పుడు 1000 మంది సబ్‌స్క్రైబర్లు ఉంటే చాలు అనలే, ఏడాదిల 4000 గంటలు చూసి కూడ ఉండాలె అన్నది. అంటే మీరొక్కలే వస్తే లోపటికి రానియ్యరు, పక్కన నిజంగ కూసోని చూసినోళ్లను తోల్కొని రావాలె. యాడ్లు ఇచ్చేటోళ్ల లెక్క ఇంకా దారుణం. లైకులు, కామెంట్లు కలిపి ఫాలోవర్లతోని భాగించి నూరుతోని గుణిస్తరు, దాన్ని ఎంగేజ్‌మెంట్ రేటు అంటరు. ఆ భాగారంల మీ సీటు ఏడున్నదో చూసుకున్నరా? కింద, హారంల. మీరు ఉత్తగ లావైన కొద్ది రేటు పడిపోతది.

పోస్టు పెట్టంగనే అందరికి పోదు కదా. ఇన్‌స్టాగ్రామ్ ముందు కొంతమందికి చూపెట్టి వాళ్లు ఆగి చూసిన్రా, లైకు కొట్టిన్రా, ఇంకొకలకు పంపిన్రా అని చూసినంకనే ముందటికి తోలుతది. ఆ కొంతమందిల మీ ఎనిమిదంకెల బాబులు కూసుంటే ఇగ ఆ పోస్టు ఆడనే పండుకుంటది.

మీ చరిత్ర కూడ చూసిన. 2014 డిసెంబర్‌ల ఇన్‌స్టాగ్రామ్ దొంగ అకౌంట్లను ఊడ్చినప్పుడు వాళ్ల సొంత అకౌంటుకే కోటీ 80 లక్షలకు పైన పోయిన్రు. ఒకాయనకు 36 లక్షల మంది ఉండె, ఊడ్చినంక మిగిలింది 8 మంది. ఎనిమిది వేలు కాదు సార్, 8. ఆ ఎనిమిది మందిల వాళ్ల అమ్మ ఉన్నదో లేదో. తర్వాత 2021ల లైకుల లెక్క దాచుకునే ఆప్షన్ అందరికి ఇచ్చిన్రు, మనుషులు పరేషాన్ అవుతున్నరని. మిమ్ముల దాసే బటన్ మాత్రం ఇయ్యలే. మీరు పెండ్లి పందిట్ల మేనమామ లెక్క పేరు కిందనే కుర్సీ ఏసుకోని కూసునే ఉన్నరు.

ఇగ మా చిన్నమ్మ రెండు వేల ముచ్చట. ఒకపారి వీడియో పెట్టినం, పెద్దగ ఏం లేదు, తెల్లబట్ట పరిచి పిండితోని గౌరమ్మను చేసి పసుపు కుంకుమ పెట్టి మొదటి సకినం చుట్టుడు, వేళ్ల సందుల నుంచి పిండి మెలి తిరుక్కుంట దిగుడు. దాని కింద హుజూరాబాద్ నుంచి ఒకామె రాసింది, "మెలి సక్కగ పడ్తలేదు, పిండిల తడి తక్కువైంది, బియ్యం ఎంతసేపు నానబెట్టిన్రు?" దానికి ములుగు నుంచి ఇంకొకామె, "తడి కాదు వదినా, పిండి జల్లెడ పట్టలే." ఒకలకొకలు మొఖం కూడ ఎరుక లేదు, వదిన ఎట్లయ్యిందో దేవునికే ఎరుక. మూడు చుట్లా నాలుగు చుట్లా అని ఇంకో లొల్లి, వాము ఎక్కువైందని ఒకలు, నువ్వులు పిసినారిగ ఏసిన్రని ఒకలు. ఆ లొల్లి నడుమ డల్లాస్‌ల ఉండే ఒకాయన వచ్చి, మీరు తర్వాత కొట్లాడుకుందురు గని మా అక్క బిడ్డ పెండ్లి సారెకు పది కిలోలు కావాలె, హన్మకొండలనే ఇంటికి తెచ్చిస్తరా అన్నడు. నాకు అప్పటి నుంచి ఒక అందాజ వచ్చింది, బియ్యం ఎంతసేపు నానినయ్ అని అడిగినోళ్లు కొంటరు, సూపర్ అన్నోళ్లు పోతరు.

గోదావరిఖని ఆమె ముచ్చట చెప్పకపోతే పాపం తగుల్తది. ఇరిగిపోయిన సకినాల ఫోటో పెట్టి నలుగురు చూసేటట్టు తిట్టింది. తమ్ముడేమో డిలీట్ కొట్టు, పేజీ ఇజ్జత్ పోతది అన్నడు. చిన్నమ్మ ఆమెకు ఫోన్ చేసింది. అట్టడబ్బల ఏస్తే ఇరగక ఏమైతయ్, రేకు డబ్బల నిలువుగ పేర్సి సందులల్ల మరమరాలు పొయ్యుండ్రి అని ఆమెనే ఉపాయం చెప్పింది. ఇప్పుడు అట్లనే కడ్తున్న. ఆమె వాడకట్టుల ఇంకో నాలుగిండ్లకు మా సకినాలు పోతున్నయి, మరమరాలు కూడ తింటున్నరట.

మీరు పూర్తిగ పనికిరారు అంటలేను. కొత్తోళ్లు పేజీ తెరువంగనే ముందు మిమ్ములనే చూసి, పర్వలేదు ఇది ఉత్తుత్త దుకాణం కాదు అనుకుంటరు. తలుపు కాడ వాచ్‌మన్ ఉద్యోగం అన్నట్టు. ఆ ఉద్యోగం చేసుకోండ్రి, మేము కాదనం. తిజోరీ తాళంచెవులు మాత్రం అడగకుండ్రి.

ఆఖరికి ఒక వార్త. నిన్న మీరు రెండు వందల చిల్లర తగ్గిన్రు, మళ్ల ఏదో ఊడ్సుడు పెట్టినట్టున్నరు. తమ్ముడు మధ్యాహ్నం అన్నం ముట్టలే. చిన్నమ్మ జంతికల గొట్టం కడుక్కుంట, పోయినోళ్లు ఎవలెవలురా అని అడిగింది. వానికి ఒక్క పేరు యాదికి రాలే. "సరే తియ్యి" అని నా దిక్కు తిరిగి, "ఆ హుజూరాబాద్ ఆమె పది రోజుల నుంచి తప్పు పడ్తలేదు, మోకాళ్ల ఆపరేషన్ అన్నది, ఎట్లున్నదో మెసేజ్ పెట్టు. నానబెట్టేది ఐదు గంటలా ఆరు గంటలా అది కూడ అడుగు."

మెసేజ్ పెట్టిన సార్. రెండు నీలం టిక్కులు పడ్డయి, ఆమె టైప్ చేస్తున్నది, మళ్ల రాస్త.

ఇట్లు,
సకినాల పార్సిల్ కట్టేటోడు
కుమార్‌పల్లి, హన్మకొండ